2003 నాటి పీ4 బోర్డును గేమింగ్ క్యాబినెట్‌లోకి మార్చాలి - శ్రావణం లోపల (తిరుపతి)

పత్రికల బాబు · జూలై 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదివి పోయేవాణ్ణే, రాయడం ఇదే మొదలు.

మాది తిరుపతిలో పెళ్ళి పత్రికలు, కరపత్రాలు వేసే చిన్న డీటీపీ షాపు. నాన్న నడుపుతాడు. నేను ఉద్యోగం చేసుకుంటా సాయంత్రాలు కూర్చుంటా. షాపులో ఇప్పటికీ అన్నం పెట్టేది 2003లో అసెంబుల్ చేయించిన పెంటియం 4. 845 చిప్‌సెట్ మదర్‌బోర్డు, 512 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్‌డిస్కు, ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ 7. దాంతోపాటు తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేరు. దానికి వెనక ప్రింటర్ పోర్టులో తగిలించే లాకు ఒకటి. లాకు లేకుంటే ఒక్క అక్షరం పడదు.

2021 నవంబరు వరదలప్పుడు షాపులోకి జానెడు నీళ్ళొచ్చినాయి. మిషను ఆఫ్‌లో ఉండె, కింద చెక్క పీట ఉండె, అందుకని బోర్డుకు తడి తగల్లా. క్యాబినెట్ అడుగు మాత్రం నానింది. అప్పట్నించి తుప్పు మెల్లగా పైకి పాకతా ఉండాది. మొన్న ఊడ్చేదానికి పక్కకు జరిపితే ముందు కాలు ఊడి చేతికొచ్చింది. తట్టితే ఎర్రటి పొడి రాలతాంది.

మా తమ్ముడి దగ్గర వాడకుండా పడున్న గేమింగ్ క్యాబినెట్ ఒకటుంది. పక్కన అద్దం, ఎస్ఎంపీఎస్ (బోర్డుకు కరెంటిచ్చే డబ్బా) అడుగున కూర్చునే రకం. దీంట్లో పాత బోర్డు పడతాదా? ఇప్పుడు ఆషాఢం, పత్రికల పని లేదు. శ్రావణం వచ్చిందంటే నాన్న మిషను మీద చెయ్యి వెయ్యనీడు.

గాజుపెట్టె · జూలై 3, రాత్రి 10:05

అన్నా, ఇరవై రెండేళ్ళ బోర్డుకు అద్దం డబ్బానా 😄 కొత్త ఐ3 ఒకటి తీసుకుని వర్చువల్ మిషన్‌లో (మిషను లోపల సాఫ్ట్‌వేరుతో నడిచే ఉత్తుత్తి మిషను) ఎక్స్‌పీ వేస్తే అయిపోదా? గంట పని.

మిట్టూరు మామ (చిత్తూరు) · జూలై 3, రాత్రి 10:31

అబ్బోడా, ఆయన లాకు అని రాసినాడు, చదవలేదా నువ్వు? ప్రింటర్ పోర్టు లాకులు చానా మటుకు పోర్టును సొంత అడ్రసులోనే వెతుకుతాయి. 378, 278, 3బీసీ, ఈ మూడు గడపలు తప్ప నాలుగో ఇల్లు వాటికి తెలీదు. కొత్త బోర్డుల్లో చానా వాటికి పోర్టే ఉండదు. కార్డు కొని తగిలిస్తే దానికి ఇంకేదో అడ్రసు వస్తాది. యూఎస్‌బీ నుంచి ప్రింటర్ పోర్టు తీసే వైరు దొరుకుతాది కదా అంటావేమో, అది ప్రింటరుకు మాత్రమే, లాకుకు పనికిరాదు. నేను ఇరవై ఏండ్లు సర్వీసింగ్ చేసినా, ఈ మూడూ చేసి చూసి బుద్ధి తెచ్చుకున్నోణ్ణే.

బాబూ, నీ బోర్డు మైక్రో ఏటీఎక్స్ అయ్యుంటాది. స్కేలు పెట్టి కొలువు. ఎంత పెద్దదైనా 244 మిల్లీమీటర్లు దాటదు. ఏటీఎక్స్ కొలతలు 1995లో వచ్చినాయి, మైక్రో ఏటీఎక్స్ 1997లో. బొక్కల జాగాలు అప్పట్నించీ అవే. వెనక పోర్టుల రేకు కిటికీ కూడా అదే సైజు. 2003 బోర్డు ఇప్పటి క్యాబినెట్‌లో భేషుగ్గా కూచుంటాది. బిగించడం తేలిక. అసలు పీకులాట వైర్లతో.

ముట్టుకునే ముందు హార్డ్‌డిస్కు కాపీ తీసినావా?

పత్రికల బాబు · జూలై 3, రాత్రి 10:50

లేదు మామా. పత్రికల ఫైళ్ళు మాత్రం పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టినా.

మిట్టూరు మామ · జూలై 3, రాత్రి 10:58

ఫైళ్ళు కాదప్పా, మొత్తం డిస్కు. ఎక్స్‌పీ, ఫాంట్లు, లాకు డ్రైవరు, అన్నీ ఎట్లున్నాయో అట్లనే. ఆ సాఫ్ట్‌వేర్ సీడీ మీ నాయన దగ్గర ఇంకా ఉండాదా? ఉన్నా చదువుతాదా? నీ పాత రకం ఐడీఈ డిస్కును యూఎస్‌బీకి కలిపే వైరు దొరుకుతాది, దాంతో క్లోన్ చెయ్యి. అంతవరకూ స్క్రూ డ్రైవర్ ముట్టుకోవద్దు.

రిచ్చీ రిటర్న్ (రేణిగుంట) · జూలై 4, ఉదయం 7:15

మామ మాటే నాదీ. ఆ వైరు తిరుపతిలో దొరక్కపోతే చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌లో దొరుకుతుంది, నెలకోసారి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పోతుంటా. పనిలో పనిగా ఐడీఈ నుంచి కొత్త రకం సాటాకు మార్చే చిన్న బోర్డు ఒకటి, 120 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేని డిస్కు) ఒకటి తీసుకో. 120 అని ఎందుకంటున్నానంటే, సర్వీస్ ప్యాక్ లేని తొలి ఎక్స్‌పీ 137 జీబీ దాటితే చూడలేదు. పాత బయాస్‌లకు (మిషను లేవగానే ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేరు) కూడా అక్కడే గోడ. పెద్దది కొంటే తలనొప్పి కూడా కొన్నట్టే.

ఎస్ఎంపీఎస్ పాతదే వాడతావా, కొత్తదా?

పత్రికల బాబు · జూలై 4, మధ్యాహ్నం 1:20

పాతదే వాడదామనుకున్నా. ఫ్యాను మూలుగుతాది, పనిచేస్తాది.

ఓమ్ అన్న · జూలై 4, మధ్యాహ్నం 2:02

మూలుగుతోంది అంటే రిటైర్మెంట్ అడుగుతోందని అర్థం. పాత ఎస్ఎంపీఎస్‌ను అడుగున పెడితే ఇంకో చిక్కు కూడా ఉంది. పాత క్యాబినెట్లలో అది పైన, ప్రాసెసర్ పక్కనే ఉండేది కాబట్టి వైర్లు పొట్టిగా ఇచ్చేవాళ్ళు. అడుగు నుంచి బోర్డు పైమూలకు, ఆ పసుపు నలుపు నాలుగు పిన్నుల 12 వోల్టుల వైరు అందదు. కొత్త వాటిలో ఆ వైరు పొడుగ్గా ఉంటుంది.

కొత్తదానికి 24 పిన్నుల ప్లగ్గు ఉంటుంది, నీ బోర్డులో 20 ఉంటాయి. 20+4 అని విడిపోయే రకం అడుగు. ప్రాసెసర్ వైరు కూడా 4+4గా విడిపోతుంది, సగం చాలు. పాత డ్రైవులకు కరెంటిచ్చే పెద్ద నాలుగు పిన్నుల ప్లగ్గు ఒకటైనా ఉందో లేదో కొనేముందే డబ్బా తెరిచి చూసుకో.

ఇంకో మాట. పీ4 ప్రాసెసర్ 12 వోల్టుల లైన్ మీద బతుకుతుంది కాబట్టి కొత్త ఎస్ఎంపీఎస్‌తో గొడవ లేదు. అదే పెంటియం 3 అయినా, ఆ కాలపు అథ్లాన్ బోర్డులు చాలా వాటికైనా 5 వోల్టుల లైన్ మీదే భారమంతా. కొత్త వాటిలో 5 వోల్టుల బలం తగ్గించేశారు. ఎవరైనా అలాంటివి మారుస్తుంటే పక్కనున్న లేబుల్ చదివి కొనండి.

లెక్కల టీచరమ్మ (చంద్రగిరి) · జూలై 4, సాయంత్రం 6:40

మా స్కూలు ల్యాబులో ఇలాంటివే ఎనిమిది మార్చాం, ఒకటి చంపాం. అది ఎలా చచ్చిందో చెబుతాను.

పీ4కి 478 సాకెట్. ప్రాసెసర్ మీద వేడి లాగే రెక్కల దిమ్మ, అదే హీట్ సింకును నాలుగు మూలలా ప్లాస్టిక్ చట్రానికి రెండు లీవర్లు పట్టుకుని ఉంటాయి. దుమ్ము తుడుద్దామని లీవర్లు తెరిచి నిటారుగా పైకి లాగాను. లోపలి పేస్టు ఏళ్ళ తరబడి ఎండి సిమెంటులా బిగిసిపోయింది. సాకెట్ తాళం వేసే ఉంది, అయినా ప్రాసెసర్ హీట్ సింకుకు అంటుకుని ఊడి పైకొచ్చేసింది! 478 పిన్నుల్లో ఒక మూల వరుస మొత్తం తలవాల్చింది. సన్న ములుకు పెన్సిల్ గొట్టాన్ని ఒక్కో పిన్నుకు తొడిగి నిలబెడుతూ వచ్చాను, పదకొండోది విరిగింది.

అందుకని బాబూ, దాన్ని తీయకు. బోర్డును హీట్ సింకుతో సహా అలాగే ఎత్తి అటు పెట్టు. తీయక తప్పకపోతే ముందు పదిహేను నిమిషాలు మిషను నడిపించు, పేస్టు మెత్తబడుతుంది. ఆఫ్ చేసి, లీవర్లు తెరిచి, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ జార్చు. పైకి లాగకు.

మిట్టూరు మామ · జూలై 4, రాత్రి 8:12

టీచరమ్మ చెప్పింది నూటికి నూరు. నేనూ రెండు చంపినా, బయటికి చెప్పలా.

ప్రాసెసర్ చుట్టూ ఉండే కెపాసిటర్లను టార్చి వేసి చూడు బాబూ. తల చదునుగా ఉండాల. పూరీ మాదిరి ఉబ్బినా, తేనె రంగు జిగురు కారినా ఆ బోర్డును ముందు కెపాసిటర్లు మార్చే పనికి పంపాల. 2003 ప్రాంతపు బోర్డులకు అదో తెగులు.

పీలేరు పిల్లోడు · జూలై 4, రాత్రి 9:30

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. మా మామయ్య ఇచ్చిన పాత 486 కంప్యూటర్ ఉంది నా దగ్గర. దాని డబ్బాలోకి కొత్త బోర్డు పెట్టొచ్చా? ముందు భాగం భలే ఉంటుంది, తాళంచెవి, టర్బో బటన్ అన్నీ ఉన్నాయి.

ఓమ్ అన్న · జూలై 4, రాత్రి 9:55

అది ఏటీ క్యాబినెట్, ఏటీఎక్స్ కంటే ముందు రకం. బొక్కలు కొన్ని కలిసినా వెనక పోర్టుల కిటికీ ఉండదు, కోసుకోవాలి. అంతకంటే ముఖ్యం, ముందున్న పవర్ స్విచ్చికి వచ్చే లావు వైర్లలో నేరుగా 230 వోల్టులు ఉంటాయి. ఏటీఎక్స్‌లో స్విచ్చి అంటే బోర్డుకు సైగ చేసే చిన్న బటన్ మాత్రమే. ఆ లావు వైర్లను తెచ్చి కొత్త బోర్డు పిన్నులకు కలిపావంటే బోర్డూ నువ్వూ ఇద్దరూ ఉండరు.

486నే మళ్ళీ బిగిస్తే, ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే పీ8, పీ9 ప్లగ్గులు రెండింటి నల్ల వైర్లూ మధ్యలో పక్కపక్కన పడాలి. తిప్పి పెట్టావో బోర్డు పోయింది. మిగతాది వేరే థ్రెడ్ పెట్టి అడుగు, ఇక్కడ బాబు శ్రావణం దగ్గర పడుతోంది.

పత్రికల బాబు · జూలై 6, రాత్రి 11:10

ఈ రోజు ఆదివారం, పొద్దున్నించీ దీని మీదే ఉన్నా.

క్లోన్ అయ్యింది. 40 జీబీకి మూడు గంటలు. కెపాసిటర్లు చదునుగానే ఉండాయి.

పాత క్యాబినెట్ తెరిస్తే పైన డ్రైవ్ బాక్సులో మూడు బల్లి గుడ్డు పెంకులు. వెనక ఒక స్లాటు రేకు లేదు, అందులోంచే కాపురం. హీట్ సింకు రెక్కల మధ్య దుమ్ము పరుపు మాదిరి. బ్రష్షుతో, బ్లోయరుతో తీస్తే రంగు తేలింది. వెనక పోర్టుల రేకు తుప్పుకు అంటుకుపోయింటే స్క్రూ డ్రైవర్ పిడితో లోపలికి కొట్టి ఊడగొట్టినా. వంకర పోయింది కానీ పట్టింది.

అన్నీ బిగించి స్విచ్చేస్తే ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగిపోతాంది. మళ్ళా నొక్కితే మళ్ళా అంతే. నాన్న వెనక నిలబడి ఉండాడు, ఏమీ అనడం లేదు. అదే భయంగా ఉంది.

మిట్టూరు మామ · జూలై 6, రాత్రి 11:24

గాబరా పడొద్దు. ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగింది అంటే యాడో షార్ట్ ఉండాది, ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటాంది. కరెంటు తీసేసి బోర్డు బయటికి తియ్యి. షాపులో అట్టలకేం కొదవ, ఒకటి పరిచి దాని మీద బోర్డు పెట్టు. ర్యామ్, ప్రాసెసర్, ఎస్ఎంపీఎస్, మానిటర్, ఇవే. పవర్ స్విచ్చి రెండు పిన్నులను స్క్రూ డ్రైవర్ కొసతో ఒక్క క్షణం తాకించు. అట్ట మీద లేస్తే తప్పు క్యాబినెట్‌ది.

గాజుపెట్టె · జూలై 6, రాత్రి 11:31

అన్నా స్టాండాఫ్‌లు చూడు, ఆ ఇత్తడి బొడిపెలు! మా క్యాబినెట్లలో పెద్ద ఏటీఎక్స్ బోర్డుకని తొమ్మిది ముందే బిగించి వస్తాయి. నీ బోర్డు చిన్నది. బొక్క లేని చోట బొడిపె ఉంటే అది కింద నుంచి బోర్డు టంకాలను పొడుస్తుంది.

పత్రికల బాబు · జూలై 7, తెల్లవారి 12:18

అట్ట మీద లేచింది! ఎక్స్‌పీ పాట వినిపించలేదు, స్పీకర్ల సంగతి రేపు చూస్తా. తెర మీద బొమ్మొచ్చింది, చాలు.

గాజుపెట్టె తమ్ముడూ, సరిగ్గా అదే. కుడి చివర ఒక బొడిపెకు ఎదురుగా బోర్డులో బొక్క లేదు. తిరగేసి చూస్తే రెండు టంకం చుక్కల మధ్య మెరిసే గీత పడింది. ఆ బొడిపె పీకేసి బిగించినా. నడస్తాంది. నాన్న టీ పెట్టుకొచ్చినాడు.

గాజుపెట్టె · జూలై 7, ఉదయం 8:02

చూశావా మామా, అద్దం డబ్బావాళ్ళకు కూడా కొంచెం తెలుసు 😎

మిట్టూరు మామ · జూలై 7, ఉదయం 8:40

ఒప్పుకున్నా నాయనా.

పత్రికల బాబు · జూలై 8, రాత్రి 9:15

మిగిలిన లెక్క.

ముందు యూఎస్‌బీ వైరు 19 పిన్నుల వెడల్పు ప్లగ్గు, బోర్డులో అది లేదు. ఒక మార్పిడి ముక్కతో పాత 9 పిన్నుల దానికి కలిపినా. స్పీడు పాతదే, పెన్‌డ్రైవ్ పలుకుతాంది.

పవర్ లైటు వెలగలా. వైరు కొస రెండు పిన్నుల ప్లగ్గు, బోర్డులో మూడు పిన్నులు, మధ్యది ఖాళీ. ప్లాస్టిక్ నుంచి ఇనప ముక్కలు సూదితో పైకి లేపి, విడిగా ఒకటో పిన్నుకు, మూడో పిన్నుకు తొడిగి టేపు చుట్టినా. మొదట ఎదురు పెట్టినట్టున్నా, తిప్పితే వెలిగింది.

పాత సీడీ డ్రైవుకు చోటే లేదు. ఈ క్యాబినెట్ ముందంతా జల్లెడ. నాన్నకు ఇంకా సీడీలో ఫైలు తెచ్చే కస్టమర్లు ఇద్దరు ముగ్గురు ఉండారు. బయట పెట్టుకునే యూఎస్‌బీ డ్రైవు తెప్పిస్తానన్నా.

రెండు చిక్కులు తేలలేదు. ఒకటి, స్పీకర్లలో శబ్దం లేదు. నాన్నకు పొద్దున్నే షాపు తెరిచి అగరొత్తి వెలిగించి పాట పెట్టందే పని మొదలు కాదు. రెండు, క్యాబినెట్ వెనక స్క్రూ మీద వేలు పడితే జివ్వుమంటాంది. పాతదానికి ఎప్పుడూ ఇట్ల లేదు.

లెక్కల టీచరమ్మ · జూలై 8, రాత్రి 9:41

శబ్దానికి మందు చిన్నదే. ఆ కాలపు బోర్డుల్లో ముందు హెడ్‌ఫోన్ పిన్నుల దగ్గర రెండు జంపర్లు (రెండు పిన్నులను కలిపే చిన్న టోపీలు) ఉంటాయి, 5కు 6, 9కి 10. శబ్దం అక్కడిదాకా వచ్చి ఆ జంపర్ల మీదుగానే వెనక పోర్టుకు పోతుంది. ముందు వైరు తగిలించేటప్పుడు వాటిని తీసి పక్కన పెట్టి ఉంటావు. కొత్త క్యాబినెట్ ముందు భాగం ఆ పాత పద్ధతికి సరిపడదు. ముందు వైరు పీకేసి జంపర్లు మళ్ళీ పెట్టు.

ఓమ్ అన్న · జూలై 8, రాత్రి 10:03

జివ్వుమనడం గురించి. షాపులో సాకెట్‌కు ఎర్త్ ఉందా? మూడు బొక్కలున్నంత మాత్రాన ఉన్నట్టు కాదు.

ఎస్ఎంపీఎస్ ముందు భాగంలో వడపోతకని రెండు చిన్న కెపాసిటర్లు పెడతారు, ఒకటి ఫేజ్ నుంచి బాడీకి, ఒకటి న్యూట్రల్ నుంచి బాడీకి. ఎర్త్ ఉంటే ఆ చిల్లర కరెంటు దాంట్లోకి జారిపోతుంది. లేకపోతే క్యాబినెట్ రేకు రెండింటికీ మధ్యన వేలాడుతుంది. 230లో సగం, 115 దరిదాపుల్లో. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషిని మామూలుగా ఏం చేయదు, జివ్వుమంటుంది. టెస్టర్ పెట్టి చూడు, మసకగా వెలుగుతుంది. పాతదానికీ ఇదే ఉండి ఉంటుంది. రంగు పూసిన రేకు, ప్లాస్టిక్ ముఖం, నాన్న కాలికి చెప్పులు. నువ్వు ఆదివారం తడి గుడ్డ పెట్టిన నేల మీద ఉత్తి కాళ్ళతో కూర్చున్నావు, అవునా?

పత్రికల బాబు · జూలై 8, రాత్రి 10:20

అవును 😅 టెస్టర్ వెలుగుతాంది. సాకెట్ ఊడదీసి చూసినా, పైన లావు బొక్కకు వైరే లేదు.

పీలేరు పిల్లోడు · జూలై 8, రాత్రి 10:26

మా ఇంట్లో ఎలక్ట్రీషియన్ సాకెట్ లోపల ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపేశాడు, షాక్ పోయింది. అలా చేయొచ్చు కదా?

ఓమ్ అన్న · జూలై 8, రాత్రి 10:29

వద్దు. వద్దే వద్దు. ఈ రోజే ఊడదీయించు. ఎక్కడైనా న్యూట్రల్ వైరు తెగినా, ఎవరైనా ఫేజూ న్యూట్రలూ తారుమారు చేసినా నీ క్యాబినెట్ రేకు నేరుగా 230 వోల్టుల్లోకి వస్తుంది. అప్పుడు జివ్వుమనదు, పట్టుకుంటుంది. పెరట్లో గుంత తీసి పైపు దించి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్త్ వేయించుకోవడం ఒక పూట పని. ఎండాకాలం దాంట్లో నీళ్ళు పోస్తూ ఉండాలి.

బాబూ, నీకు ప్రత్యేకంగా ఇంకోటి. ప్రింటర్ పోర్టు యూఎస్‌బీ లాంటిది కాదు. మిషను నడుస్తుండగా లాకు గానీ ప్రింటర్ గానీ తగిలించకు, తీయకు. ఎర్త్ లేనప్పుడు రెండు మిషన్ల బాడీల మధ్య ఆ తేడా వోల్టేజీ పోర్టు చిప్‌లోంచి దూకుతుంది. కాలిపోయిన ఎల్‌పీటీ (అంటే ప్రింటర్) పోర్టులు చాలావరకు ఇలాగే పోతాయి.

పత్రికల బాబు · జూలై 11, రాత్రి 8:50

ఎర్త్ వేయించినాము. ఓనరు మొదట గొణిగినాడు, టెస్టర్ పెట్టి చూపిస్తే మాట్లాడలా. ఇప్పుడు టెస్టర్ చీకటి. జంపర్లు పెడితే పాట కూడా వచ్చింది.

అయితే అసలుది పోయింది. ఫాంట్ల సాఫ్ట్‌వేర్ తెరిస్తే లాకు కనబడలేదు అంటాంది. మూడు సార్లు మిషను ఆపి, లాకు తీసి, పిన్నులు తుడిచి పెట్టినా. అంతే. ఓమ్ అన్న చెప్పినట్టు పోర్టు కాలిపోయిందా? ఆ ఆదివారం హడావిడిలో నడుస్తుండగా తగిలించినానేమో, గుర్తు లేదు. నాన్నకు ఇంకా చెప్పలా.

రిచ్చీ రిటర్న్ · జూలై 11, రాత్రి 9:05

అయ్యో. పాత హార్డ్‌డిస్కు పెట్టి చూశావా? క్లోన్‌లో తేడా ఏమో.

పత్రికల బాబు · జూలై 11, రాత్రి 9:48

పాతది పెట్టినా అదే మాట.

లెక్కల టీచరమ్మ · జూలై 11, రాత్రి 9:57

బోర్డు మీద సెల్ మార్చావా?

పత్రికల బాబు · జూలై 11, రాత్రి 10:01

మార్చినా మేడం. సీఆర్2032, పాతది ఎట్లా పోయింటాదని కొత్తది వేసినా. ఎందుకు?

లెక్కల టీచరమ్మ · జూలై 11, రాత్రి 10:06

పోర్టు కాలలేదని నా నమ్మకం. సెల్ తీయగానే బయాస్ సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ లెక్కకు పోతాయి. గడియారం వెనక్కి పోవడం అందరికీ కనిపిస్తుంది. ప్రింటర్ పోర్టు పద్ధతి మారడం మాత్రం ఎవరికీ కనపడదు. బయాస్‌లోకి పోయి పారలల్ పోర్ట్ (ప్రింటర్ పోర్టే) దగ్గర ఏముందో చూడు. మామూలు, ఈపీపీ, ఈసీపీ అని రకాలుంటాయి. కొన్ని లాకులు ఒక్క దాంట్లోనే పలుకుతాయి. 2003లో అసెంబుల్ చేసిన మనిషి ఏది పెట్టాడో తెలిస్తే ఒక్క దెబ్బకు తేలేది. పాత డబ్బా పారేశావా?

పత్రికల బాబు · జూలై 11, రాత్రి 10:12

పాత ఇనుమోడు రేపు వస్తానన్నాడు. షాపు బయట ఉండాది. చూసొస్తా.

పత్రికల బాబు · జూలై 11, రాత్రి 10:55

టార్చి తీసుకుని పోయినా. ఎడమ పక్క రేకు లోపలి వైపు, పైమూలలో, ఒక పెళ్ళి పత్రిక ముక్కను తిరగేసి గమ్‌తో అతికించి ఉండాది. కిందంతా తుప్పు మరక తాగి గోధుమ రంగుకు తిరిగింది, పైన సగం తెల్లగానే ఉండాది. నీలం బాల్‌పెన్నుతో మూడు లైన్లు. తేదీ. దాని కింద ర్యామ్ లెక్క. కింద "ఎల్‌పీటీ 378 నార్మల్ - మార్చొద్దు" అని. మార్చొద్దు కింద రెండు గీతలు.

బయాస్‌లో చూస్తే ఈసీపీ అని ఉంది. నార్మల్ పెట్టి, 378 ఉంచి, సేవ్ చేసినా.

వచ్చింది! శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు, మూడూ పడినాయి తెర మీద.

టీచరమ్మా, మీరు అడక్కపోయింటే రేపు పొద్దున ఆ రేకు తూకానికి పోయేది.

మిట్టూరు మామ · జూలై 11, రాత్రి 11:08

ఆ అసెంబుల్ చేసినాయన ఎవరోగానీ చేతులెత్తి మొక్కాల. మేము అప్పట్లో డబ్బా లోపల మా ఫోన్ నంబరు అతికిచ్చేటోళ్ళం, సెట్టింగులు కాదు.

రిచ్చీ రిటర్న్ · జూలై 12, ఉదయం 7:30

ఆ చీటీ ఫోటో తీసి దాచుకో. కొత్త క్యాబినెట్ లోపల కూడా ఒకటి అతికించు.

పత్రికల బాబు · జూలై 12, ఉదయం 9:20

నాన్నకు రాత్రే చెప్పేసినా, అంతా. పొద్దున నేను లేచేసరికి ఆ ముక్కను బ్లేడుతో ఒలిచి తెచ్చి, కొత్తదాని లోపలే అతికించినాడు. అద్దంలోంచి కనపడతాది. తిరగేసి చూసినాడంట, అది మా మేనత్త పెళ్ళి పత్రికే, శాంపిల్‌గా వేసిన వేస్టు.

గాజుపెట్టె · జూలై 12, ఉదయం 10:11

అన్నా, లోపల ఎర్ర ఎల్‌ఈడీ పట్టీ ఒకటి వేయి, చీటీ మీద లైటు పడేలా 😄 ఎస్ఎంపీఎస్‌లో పెద్ద ప్లగ్గు ఇంకోటి ఖాళీగా ఉంటుంది కదా.

పత్రికల బాబు · జూలై 27, రాత్రి 9:00

అడిగినోళ్ళ కోసం. శ్రావణం మొదలైంది, మూడు పత్రికలు వేసినాము, మిషను ఆగలా. వెనక స్లాట్లన్నిటికీ రేకులు బిగించినా, బల్లికి దారి లేదు. ఎస్ఎస్‌డీతో ఎక్స్‌పీ ఎంత తొందరగా లేస్తాందంటే నాన్న మొదటి రోజు నమ్మక రెండు సార్లు ఆపి చూసినాడు.

ఒకే ఒక తంటా. ఈ క్యాబినెట్ నెత్తిన జల్లెడ, దాని పక్కనే పవర్ బటన్. నాన్న ఇరవై రెండేళ్ళుగా పాతదాని నెత్తిన టీ గ్లాసు పెట్టే అలవాటు. రెండు సార్లు పెట్టేశాడు, ఒకసారి గ్లాసు అంచు తగిలి మిషను ఆగింది, ఫైలు సేవ్ కాలా.

మిట్టూరు మామ · జూలై 27, రాత్రి 9:22

జల్లెడలోంచి టీ పడితే సరిగ్గా బోర్డు మీదికే పోతాది. వెంటనే ఒక అట్ట కోసి మూసెయ్యి. పీ4 కాబట్టి వెనక ఫ్యాను గాలి చాలు. వేడి మాత్రం ఒకసారి చూసుకో.

పత్రికల బాబు · జూలై 28, రాత్రి 8:35

అట్ట వేసినా మామా. ఈ రోజు షాపుకు పోతే దాని మీద నాన్న ఒక కార్డు అతికించి ఉండాడు. బంగారు రంగు అక్షరాలు, చుట్టూ మామిడాకుల అంచు, పైన వినాయకుడు. "ఇచ్చట టీ గ్లాసు ఉంచరాదని మనవి. ఇట్లు, తమ ఆగమనాభిలాషి."